టిక్కీ కంటే తేలికైన కుర్చీ

నాకు కూర్చోవడం చేతకాదు. పెళ్ళి భోజనాల్లో కూడా విస్తరి ముందు కుదురుగా ఉండలేక వడ్డించేవాళ్ళ వెంట తిరిగేవాణ్ణి. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి దేవుడు కుర్చీలో కూలేశాడు. ఇప్పుడు తేరుకున్నాను కాబట్టి ఇలా రాయగలుగుతున్నాను గానీ, రెండేళ్ళ కిందట ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే వాళ్ళతో తగువు పెట్టుకునేవాణ్ణి.

మా బామ్మర్ది సైదులు సత్తెనపల్లిలో నెట్ సెంటర్ నడుపుతాడు. కాళ్ళు పడిపోయినవాళ్ళు ఉన్న ఇళ్ళ నుంచి జనం వచ్చి, మీ బావ కొన్నది ఏ కుర్చీ, మడుస్తుందా, బస్సులో పడుతుందా అని అతన్ని అడుగుతున్నారట. "నువ్వే రాసియ్యి బావా, ప్రింటు తీసి అందరికీ ఇస్తా" అన్నాడు. కుర్చీ గురించే రాద్దామని మొదలుపెట్టాను. కానీ అక్కడికి రావాలంటే జబ్బు మీదుగానే రావాలి.

నా పేరు నాగుల్ మీరా. ఇరవై రెండేళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి గుమస్తాని. రైతు తెచ్చిన కాయల్ని కొనేవాళ్ళకి చూపించి బేరం తెగ్గొట్టడం నా పని. మా దగ్గర ధర నోటితో చెప్పుకోం. ఇద్దరం చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటాం. ఎన్ని వేళ్ళు పడితే అంత. చుట్టూ ఎంతమంది మూగినా లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. పైకి ఎన్ని అబద్ధాలాడినా తువ్వాలు కింద మాత్రం ఆడం. తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా మిరప బస్తాల వరసల మధ్య తిరుగుతూనే ఉండాలి. ఆ బస్తాని మేం టిక్కీ అంటాం. ఒక్కోటి నలభై కిలోల పైమాటే.

2007లో, పత్తి తీతలు మొదలైన రోజుల్లో నా అరికాళ్ళు చుర్రుమనడం మొదలుపెట్టాయి. యార్డు మనిషికి అది జబ్బులా కనపడదు. రోజంతా మిరపకాయల్లో తిరిగే కాళ్ళు మండక ఏం చేస్తాయి? ఇంటికొచ్చి బేసిన్‌లో మజ్జిగ పోయించుకుని కాళ్ళు పెట్టుకున్నాను. మర్నాడు చేతివేళ్ళు కూడా అలాగే అయ్యాయి. చేతులూ మజ్జిగలో పెట్టాను.

"మంటంటారు, ఒకసారి తిమ్మిరంటారు. మంటకీ తిమ్మిరికీ తేడా లేదా?" అంది నా భార్య జాన్‌బీ.

"మిర్చి సంగతి నీకేం తెలుసు" అన్నాను.

మూడో రోజు పొద్దున్న బేసిన్‌లోంచి కాళ్ళు తీయబోతే అవి రాలేదు. బలవంతంగా లేవబోయి బేసిన్‌తో సహా పడ్డాను. మజ్జిగ గచ్చంతా పారింది. దాని మధ్యలో కూర్చుని, ఎవరివో కాళ్ళు చూసినట్టు నా కాళ్ళకేసి చూశాను. ఇది చదివేవాళ్ళకి చేతులెత్తి చెబుతున్నాను, తిమ్మిరి కింద నుంచి పైకి పాకుతుంటే మజ్జిగ జోలికి పోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

గుంటూరులో పెద్ద డాక్టరు చెప్పిన దాంట్లో నాకర్థమైంది ఇంతే. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే ఎదురుతిరిగి నరాల మీద పడింది. అది పైకి ఎక్కుతుంది, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. "ఎక్కడిదాకా ఎక్కొచ్చు?" అని సైదులు అడిగాడు. డాక్టరు నాకు వినపడకుండా చెప్పాలని గొంతు తగ్గించాడు. ఊపిరి దాకా అన్న మాట నాకు వినపడనే వినపడింది.

రోజూ పొద్దున్న ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి, ఒక్క ఊపిరిలో అంకెలు ఎంతవరకు చెప్పగలనో చూసేది. మొదటి రోజు ముప్పై ఒకటి. మర్నాడు ఇరవై నాలుగు. తర్వాత పదిహేడు. నాలుగో రోజు పన్నెండు దగ్గర గొంతు ఆగిపోయింది. నాకు చచ్చేంత భయం వేసింది. ఇందులో దాచుకునేది ఏముంది? ఇరవయ్యేళ్ళు నోరున్నవాడినని పేరు తెచ్చుకున్నవాణ్ణి, పదమూడు అనలేకపోయాను. వరండాలో, తలుపుకి అవతల జాన్‌బీ నాతో పాటే పెదవులు కదుపుతూ నిలబడేదట. ఐదో రోజు మళ్ళీ పన్నెండే. ఆరో రోజు పద్నాలుగు. డాక్టరమ్మ నా భుజం తట్టి వెళ్ళిపోయింది. వరండాలో జాన్‌బీ పక్కనే పొదిలి నుంచి వచ్చిన ఒకామె కొడుకు కోసం కాచుకుని ఉంది. ఆ పిల్లవాడు వారం రోజులుగా కళ్ళు తెరవలేదు. అయినా మా పద్నాలుగు సంగతి తెలిసి ఆమె కిందకెళ్ళి జాన్‌బీకి కాఫీ పట్టుకొచ్చింది. ఆ పిల్లవాడికి తర్వాత ఏమైందో మాకు తెలియదు. జాన్‌బీ ఇప్పటికీ అప్పుడప్పుడు ఆమె గురించి అడుగుతుంది, నేనేదో చెప్పగలనన్నట్టు.

యార్డు నుంచి చాలామంది వచ్చి చూసి వెళ్ళారు. మళ్ళీ మళ్ళీ వచ్చింది మాత్రం యేసోబు ఒక్కడే. అతను మా హమాలీల మేస్త్రీ. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసేవాడు. అప్పటికే నా జబ్బకి జాన్‌బీ కట్టిన తాయెత్తు ఉంది. "రెండూ పనిచేస్తయిలే అన్నా, దేనికది" అనేవాడు. స్కానింగుకి వెళ్ళాల్సి వస్తే వార్డు మనుషులు వచ్చేదాకా ఆగకుండా నన్ను మంచం మీద నుంచి ఎత్తి స్ట్రెచర్ మీద పెట్టేవాడు.

కొత్త సంవత్సరం వచ్చేసరికి ఇంటికి చేరాను. ఊపిరి పూర్తిగా వచ్చింది, చేతులు చాలావరకు వచ్చాయి, వేలి కొసలు మాత్రం మొద్దుబారే ఉన్నాయి. కాళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఏదైనా పట్టుకుంటే నిలబడగలను, మనిషి ఆసరా ఉంటే రెండు మూడు మెట్లు ఎక్కగలను. అంతే. ఏడాది దాటాక మిగిలింది మిగిలినట్టేనని డాక్టరు ముందే చెప్పాడు. ఆ ఏడాదంతా నేను జాన్‌బీని పెట్టిన బాధలు రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. ఫ్యాను వెయ్యమనేవాణ్ణి, వేశాక ఆపమనేవాణ్ణి. మంచం కిటికీ వైపు జరపమని, జరిపాక గోడవైపే బాగుందనేవాణ్ణి. మా నాన్న దూదేకుల పని చేసేవాడు, ఆయన చేతి పరుపులకి సత్తెనపల్లిలో మంచి పేరుండేది. ఆయన ఏకిన పత్తి పరుపే నాకు ముళ్ళలా గుచ్చుకుంది.

ఆసుపత్రి వాళ్ళు చెప్పిన మామూలు చక్రాల కుర్చీ ఒకటి ఉండేది. దాన్ని వెనక నుంచి ఎవరో తొయ్యాలి. నా చేతులకి రోజంతా చక్రాలు తిప్పుకునే బలం లేదు. అందులో ఉన్న అసలు చిక్కు ఎవరూ చెప్పరు. జనం కుర్చీలో ఉన్నవాడితో మాట్లాడరు, తోసేవాళ్ళతో మాట్లాడతారు. "ఎట్టా ఉందమ్మా ఆయనకి? అన్నం తింటన్నాడా?" అని నా తల మీదుగా జాన్‌బీని అడిగేవాళ్ళు. తింటున్నాను, మీకంటే బాగానే తింటున్నాను అని అరిచేవాణ్ణి. యార్డులో అలా వెనక ఒక మనిషితో వెళ్తే బేరానికి నా చేతి కోసం ఎవరు చూస్తారు? నా రైతులు అప్పటికే ఒక పంట వేరే వాళ్ళ చేతుల్లో పెట్టారు. ఇంకో పంట కూడా పోతే ఇక ఎవరూ రారు. నేను మళ్ళీ యార్డులో తిరగాలి, వెనక ఎవరూ లేకుండా తిరగాలి. నిద్ర లేచింది మొదలు అదొక్కటే నా ఆలోచన.

2008 చివర్లో, కొత్త కాయ రాకముందే కరెంటు కుర్చీ కొనాలని పట్టుబట్టాను. సైదులు నెట్‌లో చూసి బొమ్మలు ప్రింటు తీసి తెచ్చేవాడు. మంచం నిండా అవే కాగితాలు. విజయవాడలో అలాంటివి అమ్మే దుకాణం ఉందని తెలిసి సైదులూ, జాన్‌బీ, నేనూ వెళ్ళాం. మొదట చూపించింది మడవని కుర్చీ. చూడ్డానికి దివ్యంగా ఉంది గానీ దాన్ని ఎక్కించాలంటే లారీ మాట్లాడాలి. రెండోది మడుస్తుంది. సీటు మధ్య గుడ్డని పైకి లాగితే రెండు పక్కలూ దగ్గరకొస్తాయి. గాలి టైర్లు వద్దన్నాను, మా యార్డు నిండా గోతాలు కుట్టే దబ్బనాలు పడి ఉంటాయి. వెడల్పు కొలిపించాను, రెండు వరసల మధ్య పట్టాలి కదా. నడిపే పుల్ల కుడిచేతి వైపు ఉంటే ఎడమవైపుకి మార్చమన్నాను.

"ఎడమచేతి వాటమా సార్?" అన్నాడు దుకాణం ఆయన.

"కాదు. కుడిచెయ్యి నాకు ఖాళీగా కావాలి."

ఎందుకో ఆయనకి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు. బరువెంత అంటే ఇరవై ఎనిమిది కిలోలే అన్నాడు. గోతం తరుగు తీయకుండా కాయ తూచేవాళ్ళని ఎంతమందిని చూశానో. "బ్యాటరీలతోనా, బ్యాటరీలు లేకుండానా?" అన్నాను. ఆయన నవ్వి, బ్యాటరీలతో అయితే నలభై దాకా రావచ్చు సార్ అన్నాడు. దొంగని పట్టినంత సంతోషం వేసింది నాకు. సైదులు వైపు తిరిగి "నలభై అంటే టిక్కీ లోపే" అన్నాను. టిక్కీ లోపు అంటే నా లెక్కలో తేలిక. రోజుకి వేల టిక్కీలు బొంగరాల్లా చేతులు మారడం చూసిన కళ్ళు నావి.

"ఎవరెత్తుతారు?" అంది జాన్‌బీ.

"ఎవరైనా ఎత్తుతారు. టిక్కీ లోపే కదా."

కుర్చీ కొన్నాం.

కొత్త కాయ దిగిన వారానికి యార్డులోకి వెళ్ళాను. ఆ రోజు గురించి రాస్తే అతిగా ఉంటుందేమో గానీ, గేటు దాటగానే ఘాటుకి ముక్కు అదిరి తుమ్ముతూ ఏడ్చాను. ఏడుస్తున్నది ఘాటుకే అనుకున్నారు అందరూ. జాన్‌బీ పత్తి కూరి కుట్టిన దిండు మీద కూర్చుని, ఎడమచేత్తో పుల్ల నొక్కుతూ వరసల మధ్యకి వెళ్ళాను. మొదటి బేరానికి కొనే ఆయన వంగి నా చేతి మీద తువ్వాలు కప్పాడు. వేలి కొసల్లో స్పర్శ లేక ఎన్ని పట్టుకున్నాడో తెలియలేదు. "గట్టిగా" అన్నాను. గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది. నాలుగు రోజుల్లో అందరికీ అలవాటైపోయింది, నాగుల్ మీరా చెయ్యి గట్టిగా పట్టుకోవాలని.

మా ఇంటి నుంచి సత్తెనపల్లి బస్టాండుకి ఆటో, అక్కడి నుంచి గుంటూరు బస్సు. గుంటూరులో బస్సు దగ్గరికి యేసోబు మనుషులు ఇద్దరు వచ్చేవాళ్ళు, నన్నూ కుర్చీనీ అలవోకగా దింపేవాళ్ళు. సత్తెనపల్లిలో మాత్రం జాన్‌బీయే. పొద్దున్న కుర్చీ మడిచి ఆటోలో పెట్టాలి, దింపి బస్సులో పెట్టాలి. సాయంత్రం మళ్ళీ అవే. బ్యాటరీలు విప్పి విడిగా మోస్తే తేలికే గానీ, విప్పి బిగించేలోపు బస్సు ఆగదు. రోజుకి నాలుగుసార్లు. ఒక్కోసారి కండక్టరు సాయం పట్టేవాడు, ఒక్కోసారి విసుక్కునేవాడు. నేను సీట్లో కూర్చుని, ఆలస్యమవుతోందని కిటికీలోంచి కేకేసేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే ఆ కేక నా చెవికే వినపడుతోంది.

ఫిబ్రవరిలో నా పాత తువ్వాలు కనపడకుండా పోయింది. ఎర్రగళ్ళది, పదేళ్ళుగా నా బేరాలన్నీ దాని కిందే. ఇల్లంతా వెతికించాను. చిరిగిపోయిందని పాత గుడ్డల్లో పడేశానంది జాన్‌బీ, కొత్తది ఇచ్చింది. దాని మీద రెండు రోజులు రుసరుసలాడాను. అప్పట్లో ఇంట్లో ఎప్పుడూ నొప్పుల మందు వాసన వస్తుండేది. నా కాళ్ళకి రాసేదే అనుకున్నాను. ఆ ఇంట్లో నొప్పి ఉన్నది నా ఒక్కడికే అనుకున్నాను.

మార్చిలో ఒక ఆదివారం యేసోబు సత్తెనపల్లిలో చుట్టాలింటికి వచ్చి, మమ్మల్ని చూసిపోదామని వచ్చాడు. కుర్చీ అరుగు కింద మడిచి ఉంది. దాన్ని పైకి పెట్టబోయి జాన్‌బీ వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది, లేవలేకపోయింది. యేసోబు గబుక్కున పట్టుకున్నాడు. ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, కుర్చీని తనే ఎత్తి చూశాడు.

"రోజూ దీన్ని ఎవరెత్తుతుండారన్నా?"

"జాన్‌బీయే. టిక్కీ లోపే కదా."

యేసోబు కుర్చీ కింద పెట్టాడు. "అన్నా, ఇరవై రెండేళ్ళు యార్డులో తిరిగావు. మా వాళ్ళల్లో ఒక్కడన్నా టిక్కీని నేల మీద నించి ఒంటిగా ఎత్తంగా చూశావా? ఇద్దరు చెరో పక్క పట్టి లేపి మూడోవాడి వీపున పెడతారు. మోసేది ఒకడే గానీ లేపేది ఇద్దరు. నాలాంటోడే ఒక్కడు లేపాలంటే నడుం చూసుకుంటాడు."

నేను గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. నిజమే, ఇద్దరు. ఎప్పుడూ ఇద్దరే. ఇరవై రెండేళ్ళు వాళ్ళ మధ్యే తిరిగి, ఒక్క టిక్కీ కూడా ఎత్తకుండా, దాని బరువు నాకు తెలుసనుకున్నాను.

జాన్‌బీ లోపలికి వెళ్ళి పడుకుంది. యేసోబు కుర్చీని అరుగు మీద విప్పి నన్ను కూర్చోబెడితే, నడుపుకుంటూ వెనకే వెళ్ళాను. చీర కుచ్చిళ్ళ దగ్గర ఎర్రగళ్ళు కనిపించాయి. నా తువ్వాలు నడుముకి బిగించి కట్టుకుని ఉంది. మొదట నేను అరిచాను. తప్పు నాదైనప్పుడు గొంతు పెద్దదవడం నాకు మామూలే.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కుర్చీ మానేస్తారు. మళ్ళీ ఆ మంచం మీద పడుకుని గోడకేసి చూస్తారు. ఆ చూపు చూడటం కంటే ఇది ఎత్తడమే నయం నాకు" అంది.

అరవడం ఆపేశాను. సిగ్గేసింది, దానికి ఇంకో మాట లేదు.

కుర్చీని యార్డులోనే వదిలెయ్యమని, తమ షెడ్డులో పెట్టి చూసుకుంటామని యేసోబు అన్నాడు. అప్పుడు ఇంటి దగ్గర నాకు మళ్ళీ మంచమే గతి. జాన్‌బీయే ఒప్పుకోలేదు. "ఈయన కదలకుండా ఇంట్లో ఉంటే ఈయన నోటికి ఎవరు తట్టుకుంటారు?" అంది. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేదాకా యేసోబు తన మనిషి ఒకణ్ణి రోజూ మొదటి బస్సుకి సత్తెనపల్లి పంపాడు. అడిగితే, వాడి అత్తగారి ఊరు ఇటేలే అన్నాడు. వాడి అత్తగారి ఊరు చీమకుర్తి దగ్గరని, ఇటువైపే కాదని నాకు తర్వాత తెలిసింది.

మే నెలలో మళ్ళీ విజయవాడ వెళ్ళాం. పాతది తిరిగి తీసుకుంటానని దుకాణం ఆయన ఒప్పుకున్నాడు. కొత్తగా వచ్చినవి మూడు వరసగా పెట్టాడు. ఒక్కోదాని మోటారు, మైలేజీ చెప్పడం మొదలుపెడితే ఆగమన్నాను. ఆటోలో కాలు పెట్టే చోటంత ఎత్తున ఒక బల్ల వేయించాను. జాన్‌బీని ఒక్కొక్కటీ మడిచి ఆ బల్ల మీద పెట్టమన్నాను. సాయం రాబోయిన సైదుల్ని దూరంగా నిలబడమన్నాను.

మొదటిది ఎత్తి పెట్టింది. "ఎట్టా ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది."

రెండోది పెట్టింది. అదీ బాగానే ఉందంది. నా మొహంలోకి చూసి, నాకు ఏది నచ్చిందో వెతుక్కుని, దానికి సరిపోయే జవాబు చెబుతోంది. తాలు కాయని మేలు కాయంటూ చూపించేవాళ్ళ మొహాలు చూసీ చూసీ ఉన్నవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? దగ్గరికి రమ్మన్నాను. ఎర్రగళ్ళ తువ్వాలు నా భుజం మీదే ఉంది, ఆమె ఉతికి ఇచ్చింది. కుడిచెయ్యి చాచి, దాని మీద తువ్వాలు పరిచాను.

"చెయ్యి పెట్టు."

"అందరూ చూస్తన్నారండీ" అంది, సిగ్గుపడుతూ.

"చూడనీ. లోపల ఏముందో ఎవరికీ కనపడదు. రోజుకి ఎన్నిసార్లు ఎత్తగలవో అన్ని వేళ్ళు పట్టుకో. మనకి నాలుగు కావాలి. దీని కింద అబద్ధం చెప్పకూడదు."

మొదటి కుర్చీకి ఒక వేలు పట్టుకుంది. రెండోదానికి మూడు పట్టుకుని, కాసేపాగి ఒకటి వదిలేసింది. మూడోది చిన్నది. కొత్తరకం బ్యాటరీ ఒక్కటే ఉంది. సీటు ఇరుకు, సాయంత్రం దాకా ఛార్జింగు రాదు, మధ్యాహ్నం ఎక్కడైనా ప్లగ్గు వెతుక్కోవాలని దుకాణం ఆయన ముందే హెచ్చరించాడు. జాన్‌బీ దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టింది. నేను చెప్పకుండానే దింపి, మళ్ళీ ఎత్తి పెట్టింది. వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టింది.

"గట్టిగా" అన్నాను.

నాలుగు వేళ్ళు పట్టుకుంది. నేను చెయ్యి తియ్యలేదు. ఆమె బొటనవేలు కూడా కలుపుకుని మొత్తం చెయ్యి పట్టుకుంది. ఆ కుర్చీ బరువెంతో నేను అడగలేదు, ఇప్పటికీ నాకు తెలియదు.

"ధర మాట్లాడనా బావా?" అన్నాడు సైదులు వెనక నుంచి.

ఆగమన్నాను. తువ్వాలు ఇంకా తియ్యలేదు, నాకు అక్కడి నుంచి కదలాలని లేదు.